ఇటుకల మీద టాక్సీ

మామయ్య టాక్సీ నడిపినన్నాళ్లూ దాని దగ్గరికి అత్తయ్యను రానిచ్చేవాడు కాదు. తలుపు దభాలున వేస్తుందని ఆయన ఫిర్యాదు. అలాంటి కారు చివరికి ఆవిడ చేతుల్లోనే పడింది.

మేడమెట్ల మీద జారి మామయ్య తుంటి విరగ్గొట్టుకున్నాడు. చాలా నెలలు బండి నడపకూడదన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే మంచం మీద నుంచి ఆజ్ఞలు మొదలయ్యాయి. "బ్యాటరీ తీగ విప్పు. హ్యాండ్‌బ్రేక్ వదిలెయ్, లేకపోతే పట్టేస్తుంది. సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కు, ఎలుకలు దూరతాయి."

అత్తయ్యకు కుట్టుమిషను తప్ప మరో యంత్రం తెలియదు. అయినా కొంగు బిగించి, పక్కింటివాళ్లతో జాకీ వేయించి, టైర్లు నొక్కుకుపోకుండా బండిని ఇటుకల మీదికి ఎక్కించింది. పెద్ద తొడుగు కుట్టింది, జేబులతో సహా! కారుకు జేబులెందుకత్తయ్యా అంటే, "చెయ్యి ఊరుకోలేదే" అంది. వారం వారం చక్రాలు చేత్తో తిప్పేది.

తుంటి అతుక్కుంది. నడపొచ్చని డాక్టరు చెప్పినా మామయ్య వరండా దాటడు. పాత కార్ల వ్యాపారి ఒకాయన ఇంటి చుట్టూ తిరగసాగాడు. మామయ్య అసలే మొండిఘటం. "ఒక్కసారే తాళం తిప్పుతా. స్టార్టయితే నడుపుతా, లేదంటే ఆయనకిచ్చేస్తా" అనేశాడు. బండి పోతే ఈ మనిషి మళ్లీ మంచం దిగడని అత్తయ్య బెంగ.

బండిని కిందికి దించి, గాలి కొట్టించి, బ్యాటరీ ఛార్జి చేయించింది. వ్యాపారి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మామయ్య తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమని, దగ్గి, ఆగిపోయింది.

మామయ్య ముఖం వాడిపోయింది. తాళం తీసి చెయ్యి బయటికి చాపాడు. "తీసుకోండి. దాని పనీ అయిపోయింది, నా పనీ అయిపోయింది."

"ఆగండాగండి!" అత్తయ్య బండి వెనక్కి పరుగెత్తి, గొట్టంలోంచి గుడ్డ లాగింది. అది మామయ్య పాత ఖాకీ చొక్కా ముక్క.

"తియ్యలేదా!"

"కుక్కమన్నారు, కుక్కాను. తియ్యమని ఎప్పుడన్నారు?" ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ముందు వ్యాపారి నవ్వాడు. మామయ్యకూ నవ్వాగలేదు. "అయితే ఇది లెక్కలోకి రాదు" అని తనే తీర్పు చెప్పుకుని మళ్లీ తాళం తిప్పాడు. ఈసారి ఇంజను ఆగలేదు.

అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, భయం భయంగా తలుపు దగ్గరికి వేసింది. అది సరిగ్గా పడలేదు. మామయ్య అద్దంలోంచి ఆవిడనే చూస్తూ అన్నాడు, "గట్టిగా వెయ్యవే, ఏం కాదు."

అత్తయ్య ఏడుస్తూనే, వీధంతా వినబడేలా వేసింది.