అవ్వ వాళ్ల నాయన ఊరు

మా అవ్వ వాళ్ల నాయన జర్మనీవాడు. మా ఊరు తనకల్లులో ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తర్వాత అవ్వ కళ్ల రంగు చూసి ఊరుకుంటారు. మా పక్క కొండల్లో బంగారు గని నడిచే రోజుల్లో ఆయన యంత్రాలు బిగించడానికి వచ్చాడట. గనిలో రాళ్లు మోసే అమ్మాయిని కతోలిక గుడిలో పెళ్లి చేసుకున్నాడు. అవ్వకు ఊహ తెలిసీ తెలియని వయసులో జ్వరంతో పోయాడు. మాకు మిగిలింది ఆయన ఇంటిపేరు ఒక్కటే; అవ్వను చేసుకున్న మా తాత ఇల్లరికం వచ్చాడు కాబట్టి పిల్లలకు అదే పెట్టారు. అది కూడా మూడు తరాల నోళ్లలో నలిగి, బడి సర్టిఫికెట్లలో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా పడింది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒక వేసవి సెలవుల్లో ఆయన ఊరేదో కనుక్కోవాలని కూర్చున్నాను. మా నాయన అడ్డు చెప్పలేదు గానీ, "సచ్చినోళ్లను ఎతికి ఏం చేస్తావు పాపా, బతికినోళ్లే యాడుండారో తెలీదు" అన్నాడు.

ఇంటర్నెట్‌లో పేరు కొడితే వంశమంతా బయటపడుతుందనుకున్నాను. ఏమీ రాలేదు. జర్మనీ పూర్వీకులను వెతకడం నేర్పే పాఠాలన్నీ ఒకే మాట చెప్పాయి: ముందు ఊరు తెలియాలి. పుట్టుకలూ పెళ్లిళ్లూ ఏ ఊరి గుడి లెక్క ఆ ఊరిదే. నేను పోయి అవ్వ మంచం మీద కూర్చున్నాను.

"అవ్వా, మీ నాయన వాళ్లూరి పేరు ఎప్పుడన్నా చెప్పినాడా?"

"నాకేం గుర్తుంటాది పాపా. మబ్బు పట్టినప్పుడంతా బాకు బాకు అంటాండె. మా యమ్మ బయపడి ఇంట్లో కత్తులు దాచిపెడతాండె."

ఆ కథ మాకు పాతదే. జర్మనీ తాత దగ్గర బాకు ఉండేదని చిన్నప్పుడు బడిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఈసారి మాత్రం వదల్లేదు.

"వట్టి బాకేనా, దానికి ముందు ఇంకేమన్నా అంటాండెనా?"

అవ్వ కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. కాసేపటికి ఒక పొడుగాటి మాట పలికింది. దాని చివర బాకు ఉంది, కానీ అది తెలుగు బాకు కాదు. ఆ ఆఖరి అక్షరం గొంతు లోపలి నుంచి గరగరమంటూ వచ్చింది. అలా పలకడం ఆమెకు ఆయన తప్ప ఇంకెవరూ నేర్పి ఉండరు.

నేను అప్పటికే కొంచెం కొంచెం జర్మన్ నేర్చుకుంటున్నాను. ఆ మాట అక్కడ ఎన్నో ఊళ్ల పేర్ల చివర ఉంటుంది. అర్థం చూసి అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"బాకంటే కత్తి కాదవ్వా. వంక, నీళ్లు పారే వాగు. వాళ్లూరి పేర్లోనే వంక ఉండాది."

"అయితే మబ్బును చూస్తే ఊరు గుర్తుకొస్తాండె మా నాయనకు. మా యమ్మ పాపం ఊరికే బయపడె" అంది అవ్వ.

మ్యాప్‌లో వెతికితే అదే పేరుతో చాలా ఊళ్లు కనిపించాయి. ఆయన కతోలికుడు కాబట్టి ఆ గుళ్లున్న ఊళ్లనే ఏరుకుని, వచ్చీరాని జర్మన్‌లో మెయిళ్లు పెట్టాను. కొందరు జవాబివ్వలేదు, కొందరు మర్యాదగా లేదన్నారు. ఈలోగా అప్పటి జర్మన్ రాత చదవడం మొదలుపెట్టాను. అందులో సగం అక్షరాలు రంపపు పళ్లలా ఒకేలా ఉంటాయి. బడి వదిలాక బోర్డు మీద రాసుకుంటుంటే, మా సైన్సు టీచరు తొంగిచూసి అది గుండె పరీక్ష కాగితంలా ఉందన్నాడు.

వానాకాలం వచ్చింది గానీ వాన రాలేదు. ఒక ఊరి గుడిలో పాత పుస్తకాలు చూసుకునే ఆమె నుంచి మాత్రం కొన్ని పేజీల ఫొటోలు వచ్చాయి. ఆయన పుట్టిన ఏడాది నాకు సరిగ్గా తెలియదు కాబట్టి అటూ ఇటూ కొన్నేళ్లవి పంపింది. వేలు పెట్టి ఒక్కో వరుస దిగుతూ పోయాను. ఒకచోట మా ఇంటిపేరు, అరిగిపోకముందు ఎలా ఉండేదో అలా ఉంది. పక్కనే ఆయన పేరు. కింద తండ్రి, పిండిమర నడిపేవాడు. ఆ కింద తల్లి పేరు. అక్కడ నా వేలు ఆగింది. అది మా అవ్వకు పెట్టిన జ్ఞానస్నానం పేరు. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేని పేరు.

అవ్వ వసారాలో చెనక్కాయలు వలుస్తోంది. "అవ్వా, నీ పేరు ఎవరిదో తెల్సా? మీ అవ్వది" అన్నాను.

"నాకు గూడ అవ్వ ఉండెనా" అంది. వలిచిన గింజలు ఒళ్లోంచి జారిపోతున్నా చూసుకోలేదు.

నాయన వచ్చి ఏ వరుసో చూపించమన్నాడు. చూశాక గుమ్మఘట్టలో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేసి, వీధంతా వినబడేలా, "మనోళ్లు దొరికినారప్పా. మా పాపే సదివింది, ఆ గీతలన్నీ" అన్నాడు.

ఆ ఏడాది సమాధుల పండుగకు చనిపోయినవాళ్ల పేర్లు రాసివ్వమని గుడిలో అడిగారు. నేను రాసిస్తానంటే అవ్వ వద్దంది. బెంచీ పట్టుకుని తనే లేచి, వాళ్ల తాత పేరు, వాళ్ల అవ్వ పేరు నిదానంగా పలికింది. వెనకాలవాళ్లకు వినపడలేదేమోనని మళ్లీ ఒకసారి గట్టిగా చెప్పింది. ఆమె కూర్చునేదాకా ఫాదర్ ఆగి, తర్వాత మిగతా పేర్లు చదివాడు.