అబద్ధం కంఠతా పట్టించిన మధ్యాహ్నం

పోయిన వారం మా మనవరాలు బడి నుంచి ఒక వింత హోంవర్క్ మోసుకొచ్చింది. ఇంట్లో మాట్లాడే భాషలో నేర్పడం అన్న అర్థం వచ్చే మాటలు ఎన్ని ఉన్నాయో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రమ్మన్నారట. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటుంది. అయినా నన్ను అడిగిందన్న సంబరంతో బాల్కనీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, బోధించడం, అలవాటు చేయడం, ఒంటబట్టించడం, తలకెక్కించడం అని ఏకరువు పెట్టాను. నూరిపోయడం దగ్గరికి వచ్చేసరికి అదేమిటి నానమ్మా అంటూ పెన్ను ఆపింది. మందు నూరి పసిపిల్లల నోట్లో పోస్తారే, అలా ఉమ్మేయడానికి వీల్లేకుండా ఒక మాటను లోపలికి పంపడం అని చెప్పాను. ఆ తర్వాత ఇంకో మాట చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆ పని నేనెంత బాగా చేశానో గుర్తొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా ఆయన రైల్వేలో పనిచేసేవారు, స్టేషన్‌కి దగ్గర్లోని కాలనీలో ఉండేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన కొద్దిపాటి క్రైస్తవ కుటుంబాలం కలిసి నడుపుకునే తెలుగు సంఘంలో సండే స్కూలు నా చేతిలో ఉండేది. పాటలు ఎవరైనా నేర్పుతారు, నాకు మాత్రం పిల్లల చేత నిజం చెప్పించాలని పట్టుదల. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ప్రతి ఆదివారం ఒక్కొక్కరే లేచి, ఆ వారం తమకు కష్టమైనా సరే దాచకుండా చెప్పిన నిజం ఒకటి అందరి ముందూ చెప్పాలి, చెప్పినవాళ్ళ అట్ట మీద మెరిసే స్టార్ అంటిస్తాను. చిన్న అబద్ధం, పెద్ద అబద్ధం అని ఉండవు, అన్నీ పాపమే అని వారం వారం వల్లె వేయించేదాన్ని. నా అంత గొప్ప టీచరు లేదని పాస్టరుగారు మెచ్చుకుంటే లోపల పొంగిపోయేదాన్ని, ఇప్పుడు దాచడమెందుకు.

అందరికంటే ఎక్కువ స్టార్లు మా అక్క కూతురివే. అప్పటికి దానికి ఏడేళ్ళు. ప్రసంగంలో అమ్మ కునుకు తీసిందని పాస్టరుగారికే చెప్పింది, పక్కింటావిడ పంపిన పులుసు నీళ్ళలా ఉందని వాళ్ళమ్మ అందని ఆవిడ గిన్నె తిరిగిస్తూ చెప్పి వచ్చింది. అక్క తల పట్టుకునేది, నేను నవ్వి స్టార్ అంటించేదాన్ని.

అక్కకు భర్త పోయి రెండేళ్ళయింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో నర్సుగా చేసే ఆ ఉద్యోగంతో బయట ఇల్లు తీసుకునే తాహతు లేదు. మా సంఘంలోనే గూడ్స్ గార్డుగా చేసే ఒకాయన ఊరి చివర మోవాలో సొంతిల్లు కట్టుకుని, తన పేరు మీదున్న రైల్వే క్వార్టరులో అక్కను ఉండనిచ్చాడు. అలా ఇవ్వడం రూలుకు విరుద్ధమే. కానీ కాలనీలో అలాంటివి చాలా ఉండేవి, చెకింగ్‌కు ఎవరైనా వస్తే మేము చుట్టాలం, సెలవులకు వచ్చాం అని చెప్పడం తెలుగువాళ్ళకీ హిందీవాళ్ళకీ కూడా నోటికొచ్చిన పాఠమే. నాకూ తెలుసు. అక్క రోజూ ఆడుతున్న ఆ అబద్ధం నీడన కూర్చునే నేను ఆదివారాలు సత్యం బోధించానని మాత్రం అప్పట్లో ఎప్పుడూ తోచలేదు.

మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం అక్క పిల్లను వెంటబెట్టుకుని ఎండలో పరుగున వచ్చింది. మర్నాడు పొద్దున చెకింగ్ అని ఆఫీసులో పనిచేసే తెలిసినాయన చెప్పాడట. గార్డుగారు డ్యూటీ మీద లైన్లో ఉన్నాడు, ఆయన భార్య కూతురి పురిటికని ఊరెళ్ళింది. ఆ ఇంట్లో అక్క, పిల్ల తప్ప మనిషి లేరు. పట్టుబడితే గార్డుగారికి చార్జిషీటు, రిటైరవ్వడానికి కాస్త ముందు. అక్కకు ఆ ఎండల్లో వీధి.

"నేను ఎలాగో చెప్పుకుంటానే. దీంతోనే భయం. నేను చెబితే ఉల్టా నాకే వాక్యం చెప్తాది. నువ్వు చెబితేనే దాని బుర్రకెక్కుద్ది," అని నా చేతులు పట్టుకుంది.

అక్క మీద కోపం వచ్చిందంటే నమ్ముతారా? నా చేత ఈ పని చేయిస్తున్నందుకు వచ్చింది. అంతలోనే ఎండకు కందిపోయిన దాని మొహం చూసి సిగ్గేసింది. పిల్లను తీసుకుని లోపలి గదిలో కూలర్ ముందు కూర్చున్నాను. వాక్యాలు కంఠతా పట్టించే పద్ధతి ఏదైతే నాకుందో సరిగ్గా అదే వాడాను. ముందు నేను ఒక్కో ముక్కా చెప్పడం, అది తిరిగి చెప్పడం, తర్వాత జడ వేస్తూ మధ్యలో హఠాత్తుగా అడగడం. ఇది మామయ్య ఇల్లు, మేము సెలవులకు వచ్చాం, మామయ్యా అత్తయ్యా బట్టలు కొనడానికి పండరీ బజారుకు వెళ్ళారు. రెండోసారికే అది ఆగిపోయింది.

"ఇది ఝూఠ్ కదా పిన్నీ? యేసయ్య వింటాడు కదా?"

"ఆయనకు నేను చెప్పుకుంటాలే. నువ్వు నేర్చుకో," అన్నాను.

అది నా మొహం కేసి చూసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఒక్క తప్పు కూడా లేకుండా అప్పజెప్పింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అక్క ఇంట్లో కూర్చున్నాను. యూనిఫాం, అక్క డ్యూటీ చీరలు, స్టార్ల అట్ట, పిల్ల పేరున్న ప్రతి కాగితం మూటగట్టి మా ఇంటికి చేర్చేశాం. పదిన్నరకు ఇద్దరు వచ్చారు, రిజిస్టరు పట్టుకున్న సాబ్ ఒకరు, వెంట ప్యూను. అక్క చెప్పవలసింది చెప్పింది కానీ మధ్యలో తడబడింది. సాబ్ వంటింట్లోకి తొంగి చూశాడు, డబ్బాలు చూశాడు, చివరికి మంచం కింద మేము మరిచిపోయిన బడి సంచి చూశాడు. సెలవులకు వచ్చిన పిల్లకు బడి సంచి ఎందుకు? పెద్దవాళ్ళను అడిగి లాభం లేదని అనుభవం మీద తెలిసినవాడిలా ఆయన పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బేటా, యే కిస్‌కా ఘర్ హై?"

ఇది మా మామయ్య ఇల్లని, సెలవులకు వచ్చామని, మామయ్యా అత్తయ్యా పండరీ వెళ్ళారని పిల్ల చక్కటి హిందీలో చెప్పింది. సంచిలో హోంవర్క్ ఉందని, సెలవుల్లో చెయ్యకపోతే మేడమ్ కొడుతుందని కూడా అంది. నేను నేర్పని మాట అది. అంతటితో ఆగక, "మామీ మేరే లియే ఫ్రాక్ భీ లాయేగీ," అని నవ్వింది. అత్తయ్య దానికి ఫ్రాకు తెస్తుందట! సాబ్ దాని బుగ్గ మీద తట్టి రిజిస్టరులో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

అక్క నేల మీద కూలబడి ఏడ్చింది, స్తోత్రం స్తోత్రం అంది. ఇల్లు నిలిచింది, గార్డుగారి ఉద్యోగం నిలిచింది. నాకూ సంతోషమే, కానీ ఆ ఫ్రాకు సంగతి మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

ఆ మర్నాడే ఆదివారం. పిల్ల లేచి నిలబడి మొత్తం చెప్పేస్తుందేమోనని, పాస్టరుగారు వెనక వరసలోనే ఉన్నారని నాకు భయం. దాని వంతు వచ్చింది. లేచి చేతులు కట్టుకుని, ఈ వారం ఇంట్లో గాజు గ్లాసు నా చేతిలో పగిలింది, అమ్మ కొడుతుందని తెలిసినా నేనే పగలగొట్టానని చెప్పేశాను అంది. నాకు తెలుసు, అక్క ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులే. పిల్లలు చప్పట్లు కొట్టారు, అది అట్ట చాపింది. నేనేం చెయ్యగలను? స్టార్ అంటించాను. దాని కళ్ళలోకి చూడలేకపోయాను. ఆ నెలలోనే ఆరోగ్యం బాగాలేదని సాకు చెప్పి సండే స్కూలు మానేశాను. అదీ అబద్ధమే.

ఇప్పుడు అక్క కూతురు టాటీబంధ్ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. బంగారం లాంటి పిల్ల, రోగులంతా దాన్నే అడుగుతారట. అక్క చివరి రోజుల్లో రిపోర్టులన్నీ బాగున్నాయని తల్లిని నమ్మించి నవ్వుతూ సాగనంపింది, తలుపు దగ్గర నిలబడి నేనూ ఆ మాటలు నమ్మాను. అక్క పోయిన ఏడాదికి, మనసాగక, ఆ మే నెల మధ్యాహ్నం గురించి అడిగాను, నా మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా అని. "అయ్యో, నాకేం యాద్ లేదు పిన్నీ, ఛోడో," అని నాకు టీ కలిపి ఇచ్చింది.

ఆ కాలనీలో పాత క్వార్టర్లు చాలా వరకు కూల్చేశారు. సండే స్కూలు పిల్లలకు ఇప్పుడు వాక్యం ఫోన్లో వస్తుంది, ఎవరూ కంఠతా పట్టే పనిలేదు, ఒక విధంగా అదే మేలేమో. ఆదివారం సాయంత్రాలు అక్క కూతురు ఫోన్ చేసి, నేను బాగున్నాను పిన్నీ, మీరు బెంగపెట్టుకోకండి అంటుంది. అలసిపోయిందో, ఏడ్చిందో, నిజంగానే బాగుందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఏడేళ్ళ వయసులో అది వాళ్ళ పక్కింటి పులుసు గురించి చెప్పినా సరే నేను మారు మాట లేకుండా నమ్మేదాన్ని.