భోజనానికి ముందు కోసిన ఆకు

జన్యువులంటే దేవకుమారికి భయం లేదు గానీ, అల్లవరం దగ్గర లోవలక్ష్మి గారి మర్యాదలంటే మాత్రం ఉంది. ఆ ఇంట్లో అన్నం తినకుండా గడప దాటినవాళ్ళు లేరు.

దేవకుమారి రాజమండ్రిలో వరి పరిశోధన చేసే చోట కంప్యూటరు మీద పని చేస్తుంది. వరిలో వేలకొద్దీ జన్యువులు. ఆమె సాఫ్ట్‌వేరు ఒకే పని చేసేవాటిని జట్లుగా కట్టి, జట్టంతా కలిసి పనికి లేచిందా, ఒకటీ అరా ఊరికే ఎగిరిందా అని లెక్కలు కట్టి తేలుస్తుంది. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపే మనిషికి ఇదేం కొత్త కాదు. ఒక్క గొంతు పెరిగితే ఊరుకుంటుంది, వరసంతా పెరిగితే చెవి రిక్కిస్తుంది.

లోవలక్ష్మి గారి భర్త బుల్లియ్య గారికి రెండు చేలు. ఒకదానికి ఉప్పునీరు ఎగదన్నుతుంది, రెండోదానికి కాలవ నీరు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, రెండింట్లోనూ ఒకే కొత్త వంగడం వేశారు. ఉప్పును తట్టుకునే జట్టు ఉప్పుచేలో లేస్తే, ఆ విత్తనం సముద్రం పక్క రైతులందరికీ ఇవ్వొచ్చు. దేవకుమారి పై అధికారి సుధాకర్ గారు ఆ మాట సభలో చెప్పడానికి ఉబలాటపడుతున్నారు.

తీరా చూస్తే అన్నిటికన్నా పైన లేచింది ఉప్పు జట్టు కాదు, మొక్కకు పొద్దు తెలిపే జట్టు! దేవకుమారి చేలకి వెళ్ళిన రోజు గుర్తుచేసుకుంది. పరీక్షకి ఉప్పుచేలో ఆకు పొద్దున్నే కోశారు. తరవాత లోవలక్ష్మి గారు పనసపొట్టు కూరతో విస్తరి వేశారు. రెండో చేలోకి దిగేసరికి పొద్దు వాలింది. వీళ్ళు పోల్చింది ఉప్పునీ మంచినీటినీ కాదు, ఉదయాన్నీ సాయంత్రాన్నీ!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆమె వెళ్ళి సుధాకర్ గారికి చెప్పేసింది. ఆయన తల పట్టుకుంటే, దారి కూడా ఆమే చెప్పింది.

"చేను ఇంకా పచ్చగానే ఉంది కదండీ. రేపే వెళ్దాం. చెరో చేలో దిగుదాం."

కష్టమైన ఫోను దేవకుమారి వంతుకొచ్చింది.

"అయితే నా అన్నమేనాండీ మీ పని చెడగొట్టింది?" అన్నారు లోవలక్ష్మి గారు.

అబద్ధం చెప్పాలనిపించింది. "అవునండీ," అంది. అవతల ఫోను పెట్టేశారు. బంగారంలాంటి మనిషి మనసు విరిచానే అని దేవకుమారి ఆ పూట కుమిలిపోయింది.

మర్నాడు ఇంటి ముందు ఎవరూ పలకరించలేదు. ఒకే సమయంలో రెండు చేలల్లోనూ ఆకు కోసి పైకొస్తే, గట్టు మీద గొడుగు కింద లోవలక్ష్మి గారు అటు తిరిగి కూర్చునున్నారు. పక్కన క్యారేజీ.

"పనయ్యిందాండీ?"

"అయ్యిందండీ."

అప్పుడు గానీ ఇటు తిరగలేదు ఆ మహాతల్లి. దేవకుమారికి కళ్ళు చెమర్చాయి.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. దేవకుమారి మొదటి ఫోను సుధాకర్ గారికి కాదు.

"ఉప్పు జట్టే పైకొచ్చిందండీ! విత్తనం ఇవ్వొచ్చు!"

"మరి నా అన్నం?"

"పొద్దు జట్టు ఈసారి లేవలేదు. మీ అన్నం ఎక్కడా కనబడలేదండీ."

"నా వంట ఎక్కడా కనబడలేదంటే సంతోషించడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారండీ," అని లోవలక్ష్మి గారు పకపకా నవ్వారు. "భోజనానికి ఎప్పుడొస్తారు మరి?"