ఏడు రోజులు కొట్టాలన్న జవాబు

1994 చివర్లో నన్ను ఉదయగిరి సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ భవనాలు కట్టించే శాఖ మాది. మా పైన డిప్యూటీ ఇంజనీరు ఆత్మకూరులో, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, నెల్లూరులో ఉండేవారు. ఆ తర్వాతి ఏడాది వానలకు మా డివిజన్‌లో కొత్తగా కట్టిన బడులు చాలావరకు కురిశాయి. దాంతో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పైకప్పులోకీ గోడల్లోకీ నీరు దిగకుండా చూసే పనికి ఇకమీదట రాతపరీక్ష పాసై సర్టిఫికెట్ పొందినవాళ్ళనే వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా పెట్టాలట. పదో తరగతి చదువు, పైకప్పు పనిలో అయిదేళ్ళ అనుభవం ఉంటే చాలు. పరీక్ష మాత్రం ఒక్కసారే పెడతామన్నారు.

ప్రశ్నపత్రం, జవాబుల కీ తయారుచేసే పని నాకు పడింది. నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. పుస్తకంలో ఏ పేజీలో ఏముందో చూడకుండా చెప్పగలనని పొగరు. రెండు రోజుల్లో రెండూ రాసి పంపేశాను.

అందులో ఒక ప్రశ్న వెదరింగ్ కోర్సు గురించి. ఇదేమిటో తెలియనివారికి చెబుతాను. స్లాబు పోసిన తర్వాత దానిమీద ఇటుక జల్లి, సున్నం కలిపి మందంగా పరుస్తారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ, చెక్కలతో దాన్ని రోజుల తరబడి కొడతారు. అది గట్టిపడ్డాక పైన పెంకులు పరుస్తారు. ఎండనూ వాననూ ఆపేది ఆ పొరే. కొట్టుడు ఎప్పుడు ఆపాలి అన్నది నా ప్రశ్న. ఏడు రోజులకు అని నా కీ.

దరఖాస్తు చేసిన ముప్ఫై మందిలో ఆడమనిషి ఒక్కతే, కరుణమ్మ. కొట్టుడు పనివాళ్ళ జట్టుకు మేస్త్రీ. మిషనరీ బడిలో పదో తరగతి పాసైంది. పదిహేనేళ్ళ పనికి కుడి భుజం పోయింది, చెయ్యి తలపైకి లేచేది కాదు. ఇంకో రెండు వేసవులు కొడితే ఆ చెయ్యి దేనికీ పనికిరాదని ఆసుపత్రిలో చెప్పారట. వర్క్ ఇన్‌స్పెక్టరైతే చెక్క పట్టక్కర్లేదు. ఆమె దరఖాస్తు చూసి మా గుమాస్తా నవ్వాడు. మగవాళ్ళే రాయాలని ఉత్తర్వులో ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేకపోయాడు, దరఖాస్తు పైకి వెళ్ళింది.

1996 ఫిబ్రవరిలో ఆత్మకూరులో పరీక్ష జరిగింది. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. నేనే దిద్దాను. ఒక పేపరులో వెదరింగ్ కోర్సు ప్రశ్నకు పేజీన్నర జవాబు ఉంది. ఏడు అన్న అంకె ఎక్కడా లేదు. పదికి సున్నా వేసి తిప్పేశాను. ఫలితాలు బోర్డు మీద పెట్టారు. కరుణమ్మ ఆరు మార్కుల తేడాతో తప్పింది.

మర్నాడు పొద్దున్నే సెక్షన్ ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. కొట్టుడు ప్రశ్నకు ఎన్ని వేశారని అడిగింది. అప్పటికి ఆ పేపరు ఎవరిదో నాకు అర్థమైంది. సున్నా అని చెప్పాను. అయితే ఒకసారి తనతో రమ్మంది. కొండాపురం దారిలో ఒక ఊళ్ళో మేం కట్టిన రెండు గదుల బడి ఉంది, దాని మిద్దె మీదికి తీసుకెళ్ళింది. కిందటి వేసవిలో దగ్గరుండి నేను చేయించిన పని అది, కొట్టింది ఆమె జట్టే. వానలకు రెండు గదులూ కురిశాయి. స్లాబు పోసిన కాంట్రాక్టరును తిట్టి, నేను చేతులు దులుపుకున్నాను.

ఆమె రెండు పెంకులు లేపింది. కింద సున్నపు పొర నిండా సన్నటి నెర్రెలు.

"నాలుగో నాటికే చెక్క ఎగిరి పడతా ఉండాది సార్. గుంట తీసి నీళ్ళు పోస్తే ఇంకలా. చాలు అని మీకు చెప్పినాను గదా. కూలోళ్ళ హాజరు మస్టర్‌లో ఏడు రోజులు ఉండాది, కొట్టండి అన్నారు మీరు. కొట్టినాము. బిగిసిపోయిన సున్నాన్ని మూడు రోజులు పగలగొట్టినాము."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె చెప్పడం నాకు గుర్తే. ఎండకు ఓర్వలేక పని ఎగ్గొడుతున్నారనుకుని గదమాయించాను కూడా.

ఆఫీసుకు వచ్చి పుస్తకం తీశాను. పని ఎలా చేయాలో చెప్పే స్పెసిఫికేషన్‌లో రోజుల లెక్కే లేదు. చెక్క ఎగిరి పడేదాకా, గుంటలో పోసిన నీళ్ళు నిలిచేదాకా కొట్టాలని ఉంది. ఏడు రోజులన్నది వేరే పుస్తకంలోది. ఎస్టిమేటు వేసేటప్పుడు కూలీ కట్టడానికి పెట్టుకునే అంచనా. దాన్ని తెచ్చి నేను కీలో పెట్టాను. అంతకుముందు మిద్దె మీదా పెట్టాను. ఉదయగిరి ఎండకు సున్నం తొందరగా బిగుస్తుందన్న సంగతి ఆ రెండు పుస్తకాల్లోనూ లేదు. కరుణమ్మ పేపర్లో ఉంది.

నెల్లూరు వెళ్ళి ఈఈ గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. కీ తప్పని ఒప్పుకుంటే ముప్ఫై పేపర్లూ మళ్ళీ దిద్దాలన్నారు. పాసైనవాళ్ళు గొడవ చేస్తారన్నారు. నా సర్వీసు రిజిస్టరులో మచ్చ పడుతుందన్నారు. ఇంతా చేసి కొట్టుడు పనిచేసే ఆడమనిషి కోసమా అన్నారు. ఆ చివరి మాటకు నాకు ఒళ్ళు మండింది.

"ఆమె కోసం కాదు సార్. కీ తప్పు, మిద్దె తప్పు. రెండూ నావే. కాగితం మీద పెడతాను."

"పెట్టావంటే నిన్ను నేను కాపాడలేనయ్యా."

"కాపాడమని అడగలేదు సార్."

అక్కడే గుమాస్తా బల్ల మీద కూర్చుని నోట్ రాశాను. పుస్తకాల్లోని పేరాల నంబర్లు వేశాను. కురిసిన బడికి కారణం కాంట్రాక్టరు కాదనీ, నేననీ రాశాను. ఇన్వార్డు నంబరు వేయించి, నకలు మీద ముద్ర కొట్టించుకుని గానీ కదల్లేదు. నంబరు పడిన కాగితాన్ని చింపడం ఎవరికైనా కష్టం. వారంలో సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. జవాబు ఒక్క వాక్యంలో ఇచ్చాను, నోట్‌లో రాసిందంతా నిజమేనని. ఇంకొకరైతే నీళ్ళు నమిలేవారేమో, నాకు ఆ పూట భయమే వేయలేదు.

పేపర్లు మళ్ళీ దిద్దించారు, ఈసారి వేరొకరి చేత. కరుణమ్మ పాసైంది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు మేస్త్రీలు పాసయ్యారు. వాళ్ళూ చెక్క సంగతే రాశారు, వాళ్ళకూ నేను సున్నాలే వేశాను. నాకు ఒక ఇంక్రిమెంటు ఆపి, కలువాయి సెక్షన్‌కు బదిలీ చేశారు. అప్పీలు చేసుకోమని స్నేహితులన్నారు. చేయలేదు. బడి కురిపించినందుకు ఆపారనుకుంటే ఆ శిక్ష సరైనదే. నిజం రాసినందుకు ఆపారనుకుంటే ఆ ఉత్తర్వును దాచుకోవాలనిపించింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ వేసవిలో కలువాయిలో నేను వేయించిన మొదటి మిద్దెకు కరుణమ్మనే వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అయిదో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కొట్టుడు ఆగిపోయి ఉంది. పనివాళ్ళు నీడన కూర్చున్నారు. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి మస్టర్ మీదికి పోయింది. ఆమె నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆపించినాను సార్. గుంటలో నీళ్ళు నిలిచి ఉండాయి, చూసుకోండి. ఇంక ఒక్క దెబ్బ కూడా వేయనీను."

చూశాను, నిలిచి ఉన్నాయి. సంతకం పెట్టాను.

ఆ తర్వాత సర్వీసులో చాలా ప్రశ్నపత్రాలు తయారుచేశాను. కీ పంపేముందు, ఆ పని చేతులతో చేసేవాళ్ళకు ఒకసారి చదివి వినిపించేవాణ్ణి. శాఖ నియమాల్లో అలా చేయమని ఎక్కడా లేదు. చేయకూడదని కూడా లేదు.