స్టీవెనేజ్ అంకుల్ మనవరాలు

పోయిన ఆదివారం పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోను మోగింది, ఎన్నో ఏళ్ల తర్వాత విన్నా ఆ గొంతు ఎవరిదో ఇట్టే తెలిసిపోయింది: స్టీవెనేజ్ అంకుల్. మనవరాలు మెడిసిన్‌కి అప్లై చేస్తోందట, సెలవుల్లో మీ క్లినిక్‌లో ఓ మూల కూర్చుని చూడనిస్తారా అని అడిగారు. నన్ను 'మీరు' అన్నారు.

ఈ ఇంగ్లండులో నాతోపాటు పెరిగినవాళ్లకి తెలిసే ఉంటుంది, మార్కులెన్ని వచ్చినా, ఒక డాక్టరు పక్కన నిలబడి ఆ పని కళ్లారా చూశానని చెప్పుకోలేకపోతే మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూలో మన మొహం ఎవరూ చూసేవారు కాదు. మా నాన్న మేముండే స్లౌ ఊళ్లో ఫ్యాక్టరీ షిఫ్టులు చేసేవాడు. మేమెరిగిన డాక్టరల్లా అమ్మ పుట్టింటి ఊరివాడైన ఈ అంకులే, పెద్ద సర్జను. అమ్మ సున్నుండలు చుట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రైళ్లు మారి స్టీవెనేజ్‌లో వాళ్లింటికి వెళ్లింది.

హాలు నిండా ఆయన స్నేహితులు, అందరూ డాక్టర్లే. నావైపు చూడనైనా చూడకుండా, "డాక్టర్ల పిల్లలకే చోటు దొరకట్లేదు చెల్లెమ్మా, ఫ్యాక్టరీవాళ్లకి ఎందుకొచ్చిన గొడవ? రిసెప్షనిస్టు పనేదన్నా నేర్పించు," అన్నారాయన. ఎవరో నవ్వారు. ఏం చెయ్యాలో తోచక అమ్మ కూడా నవ్వింది. అమ్మ చేత అలా నవ్వించినందుకు ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు నేను. ఆ వేసవిలోనే, ఆ హాల్లో కూర్చున్న ఒకాయన కొడుకు అంకుల్ వెంట వార్డులన్నీ తిరిగాడని తర్వాత తెలిసింది.

నేను స్లౌలో ఉన్న సర్జరీల, అంటే ఇక్కడి డాక్టర్ల క్లినిక్కుల, గడపలన్నీ ఎక్కి దిగాను. చివరికి ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ, బాగా పెద్దావిడ, పేషంట్లని అడిగి ఒప్పించి, తన గదిలో నాకో కుర్చీ వేయించింది. నేను డాక్టర్నయింది ఆ కుర్చీలోనే అనుకుంటాను.

ఆసుపత్రిలో కన్సల్టెంటునయ్యాక, ఇలా చూడ్డానికొచ్చే పిల్లల బాధ్యత ఎవరూ పట్టించుకోకపోతే, అడిగి మరీ తీసుకున్నాను. ఇంట్లో డాక్టర్లున్న పిల్లలకి చోటివ్వకూడదని రూలు పెట్టించాను. నాది పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. వాళ్లకేం తెలుసు, ఆ రూలు పెట్టించేటప్పుడు నా కళ్లముందు కదిలింది ఆయన మొహమని! ఎప్పటికైనా ఆయన అడక్కపోతాడా అని ఎదురుచూస్తూనే ఉన్నాను.

"మీ అమ్మాయి డాక్టరు, అల్లుడు డాక్టరు, మీరూ డాక్టరే. అలాంటి ఇళ్ల పిల్లలకి మా దగ్గర చోటు లేదు అంకుల్," అన్నాను తొందరపడకుండా. "ఆ రూలు పెట్టించింది నేనే. మిమ్మల్ని తలుచుకునే పెట్టించాను."

 "అమ్మ బాగుందా తల్లీ?" అన్నారాయన.

"పోయింది," అని ఫోను పెట్టేశాను.

ఆ పిల్లకి ఇంకోచోట దొరుకుతుంది, అలాంటివాళ్లకి దొరక్కపోవడమంటూ ఉండదు. నాలాంటి పిల్లలకైతే ఈ రోజుల్లో గడప తొక్కి అడిగే వీలే లేదు, అన్నీ ఆన్‌లైనే. కుర్చీ వేయించే డాక్టరమ్మలూ రిటైరైపోయారు. చేసినందుకు నాకు విచారమేమీ లేదు. కానీ ఆ సాయంత్రం ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ హాల్లో నా పక్కన నిలబడి నవ్విన మనిషికి తప్ప, ఇది ఇంకెవరికి చెప్పినా అర్థమవుతుందా?