గురువారానికి ముందే కడిగిన కాళ్ళు

ఈ ఏడాది పవిత్ర గురువారం నాడు ఫాదర్ గారు పాదాలు కడిగే పన్నెండు మందిలో నేనూ ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచి, మా కోడలు నన్ను పార్లరుకి తీసుకెళ్ళి పాదాలకు మెరుగు పెట్టిస్తానని వెంటపడుతోంది. నవ్వి ఊరుకున్నాను గాని, ఏసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన దానికి గుర్తుగా చేసే ఆ కార్యానికి మా రోజుల్లో మాత్రం ఎవరు మురికి కాళ్ళతో వెళ్ళారు? అందరూ ఇంటి దగ్గరే తోముకుని వెళ్తే, కడిగిన కాళ్ళనే ఫాదర్ గారు పాపం మళ్ళీ కడిగేవారు.

నా కుర్రతనంలో మేము వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో కళాసీ, ఎర్రటి ఇనుప ఖనిజం ఓడలకెక్కించే పని. నేను ఏడో తరగతితో చదువుకి దండం పెట్టేసి, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లారీలు విప్పి బాగుచేస్తుండేవాణ్ణి. అమ్మ పోయాక నాన్న చర్చి మెట్టెక్కలేదు. దేవుడు ప్రేమామయుడని చెప్పడానికి వచ్చిన ఉపదేశి గారిని, మరైతే నా మనిషినెందుకు తీసుకుపోయాడని అడిగి, జవాబు వినకుండానే చొక్కా తొడుక్కుని షిఫ్టుకి పోయాడు. ఆ ఏడు పన్నెండు మందిలో ఒకాయన ఎలమంచిలిలో కూతురింటికి వెళ్ళిపోవడంతో, ఉపదేశి గారు పట్టు వదలకుండా మళ్ళీ వచ్చి, ఆ చోటికి నాన్నని రమ్మన్నారు. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఈసారీ వెళ్ళకపోతే ఇక ఆయన్ని పిలిచేవాళ్ళుండరని, పూజకి ఒంటరిగా వెళ్ళడం నాకూ అలవాటైపోతుందని భయం వేసింది.

బుధవారం సాయంత్రం పెరట్లో పీట వేసి కూర్చోబెట్టాను. మడమల పగుళ్ళలో దిగిన ఎర్రధూళి సబ్బుకి లొంగలేదు. నాకు తెలిసిన విద్య ఒకటే, కిరసనాయిలు, కొబ్బరి పీచు.

“ఏటిరా, నన్ను లారీ అనుకున్నావేటి?”

“లారీ అయితే ఈపాటికి రోడ్డెక్కీసేది నాన్నా.”

ఒక కాలు అవగానే, షెడ్డులో అలవాటు కొద్దీ మడమ మీద ఒకటి చరిచి రెండోదాని కోసం చెయ్యి చాపాను.

“మీ యమ్మా ఇలాగే ఒకటేసీది, రెండో కాలెట్టమని,” అన్నాడు.

వాళ్ళిద్దరి మధ్య అలాంటిదొకటి ఉండేదని నాకు తెలియనే తెలియదు. తనే రెండో కాలు నా ఒళ్ళో పెట్టి, తెల్ల సొక్కా ఎక్కడుందో సూడమన్నాడు.

మర్నాడు చర్చిలో ఫాదర్ గారు నాన్న ముందు మోకరించి, నీళ్ళు పోసి, తుడిచి, ఆ పాదాన్ని ముద్దు పెట్టుకున్నారు. నాన్న తల ఎత్తలేదు. తిరిగొచ్చే దారిలో నన్నడిగాడు.

“కిరసనాయిలు కంపు కొట్టుంటాదేటిరా?”

“సాంబ్రాణిలో కలిసిపోయుంటాదిలే.”

నాలుగడుగులు వేసి ఆగాడు. “మీ యమ్మని తీసుకుపోయినోడూ, నిన్న నీ సేత నా కాళ్ళు తోమించినోడూ ఒకడేనేటిరా?”

“నాకేటి తెలుసు నాన్నా, నాను ఏడుతోనే ఆపీసాను కదా.”

నవ్వాడు. ఆ మాట మళ్ళీ అడగలేదు, బతికున్నంత కాలం ఆదివారం పూజ మాత్రం మానలేదు.

ఇప్పుడు మా మనవడు చర్చివాళ్ళు పిల్లలకు పెట్టే సత్యోపదేశం క్లాసులో నేర్చుకొచ్చి, దేవుడెవరంటే ప్రేమ అని గడగడా చెప్పేస్తాడు. తప్పు పట్టడానికేమీ ఉండదు. ఇంట్లో గదికో బాత్రూము. ఎవరి కాళ్ళు వాళ్ళు తలుపేసుకుని కడుక్కుంటాం, ఎవరి మడమ ఎక్కడ పగిలిందో ఇంకొకరికి తెలియదు.