ఆఫీసు కంప్యూటర్‌లో అమ్మ

నల్లపాడు రోడ్డులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఒకటే చెబుతాను. "ఉద్యోగమిచ్చినవాడి కంప్యూటర్ వాడిదే. అందులో మీ ప్రేమలూ ఏడుపులూ పెట్టకండి." అందరూ నవ్వుతారు. కోటేశ్వరి నవ్వలేదు, నోట్సులో రాసుకుంది. రాసుకుని మరీ ఆ తప్పు చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఆమె మీద కాదు.

ఆమె తల్లి కోటిరత్నం మిర్చి యార్డులో కాయలకు ముచ్చికలు తీసే కూలీ. ఆ పనితోనే కూతుర్ని డిగ్రీ దాకా చదివించి, 2002లో పోయింది. ఆ ఏడే కోటేశ్వరికి ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె పని. ఆఫీసు గోడకు అవతలే చలిగది. ఎండాకాలంలో కూడా ఆ గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేదట.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, ఇంట్లో మాట్లాడేవాళ్లు లేని ఆ పిల్ల చనిపోయిన తల్లికి ఉత్తరాలు టైపు చేసేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నెల తర్వాత ఒకరోజు ఫైలు తెరిస్తే, తన ఉత్తరం కింద తను రాయని రెండు మాటలు కనిపించాయి.

"తిన్నావా బంగారూ?"

కోటిరత్నం కూతుర్ని అలాగే పిలిచేది. ఆ సాయంత్రం కోటేశ్వరి ఆ సంగతి చెప్పడానికి నా దగ్గరికి వచ్చింది.

"మీ అమ్మకు చదవడమే రాదు కదే" అన్నాను.

"పోయాక వచ్చిందేమో మేడం."

"ఆ పిలుపు నువ్వే ఉత్తరాల్లో రాసుంటావు. ఎవడో చదువుతున్నాడు. ఆపేయ్."

తల ఊపింది. ఆపలేదు. ఉత్తరం రాసిన ప్రతిసారీ మర్నాటికి కింద జవాబు ఉండేది. జ్వరం ఎలా ఉంది, వానలో తడవకు, ఒంటరిగా ఉన్నాననుకోకు. ఆ ఫైలు తెరిచే ముందు భయమేసేదని, అయినా తెరవకుండా ఉండలేకపోయేదని తర్వాత చెప్పింది.

అప్పుడే అక్కడి హమాలీ దానయ్య పోయాడు. చలిగదిలోకి వెళ్లే హమాలీ పేరు తలుపు దగ్గరి పుస్తకంలో రాయాలి, బయటికి వచ్చాక కొట్టేయాలి. ఆ సాయంత్రం మేనేజరు శరత్‌చంద్ర పుస్తకం చూడకుండానే తలుపు వేయించాడు. లోపలి నుంచి తలుపు తీసే గడియ ఎప్పుడో పాడైంది. పొద్దున తలుపు తీస్తే దానయ్య బస్తాల వరుస పక్కన మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు వాడు పనికే రాలేదని, దొంగతనంగా దూరి ఉంటాడని మేనేజరు అందరికీ చెప్పాడు. అప్పటికే కోటేశ్వరి, దానయ్య పేరు కొట్టేయకుండా ఉన్న కాగితాన్ని పుస్తకంలోంచి చింపి దాచింది. నాక్కూడా చెప్పలేదు. అమ్మకు మాత్రం రాసింది.

మర్నాటి జవాబు పొడుగ్గా ఉంది. "ఆ కాగితం ఎక్కడ పెట్టావు బంగారూ? నాకు చెప్పు. నేను లేనా? పని నుంచి రాగానే నీ బుగ్గలు నిమిరేదాన్ని, గుర్తుందా?"

బియ్యం డబ్బాలో అని సగం టైపు చేసింది. చివరి మాట మళ్లీ చదివి, టైపు చేసింది చెరిపేసింది. రోజంతా మిరపకాయలు పట్టిన చేతులతో ఏ తల్లీ బిడ్డ ముఖం ముట్టుకోదు. కోటిరత్నం మజ్జిగతో చేతులు కడిగి, కొబ్బరినూనె రాసుకున్నా మంట పోయేది కాదు. కూతురి ముఖం కడగాలంటే పక్కింటి జమీలాను పిలిచేది. మిర్చి పని ఎరగనివాడు రాసిన మాట అది.

"మా అమ్మ నా బుగ్గలు ఎప్పుడూ నిమరలేదు మేడం" అంటూ ఆ సాయంత్రం కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. తల్లి రెండోసారి పోయినట్టు ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఫైల్లో ఒక్క ముక్క రాసింది. "నీ ఫొటో వెనకే ఉందమ్మా."

సాయంత్రం ఆమె గదికి నేనూ వెళ్లాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఒక్క గిన్నె కూడా కదల్లేదు. గోడ మీద కోటిరత్నం ఫొటో మాత్రం గోడవైపు తిరిగి ఉంది. దాని వెనక అట్ట నిలువునా కోసి ఉంది. పగలంతా ఆమె తాళంచెవి ఆఫీసు బల్ల సొరుగులోనే ఉంటుంది.

ఆ కాగితం దానయ్య భార్యతో కలిసి మేమే లేబర్ ఆఫీసరుకు ఇచ్చాం. దానయ్య ఆ రోజు పనికి వచ్చాడని, తలుపు మేనేజరే వేయించాడని తేలింది. కోటేశ్వరి ఉద్యోగం పోయింది. ఇప్పుడు నా దగ్గరే పాఠాలు చెబుతోంది. మొదటి రోజు చెప్పే ఆ మాట ఆమెకే వదిలేశాను.

మొన్న క్లాసు అయ్యాక అడిగింది. "మొదటి జవాబు వచ్చేనాటికి దానయ్య బతికే ఉన్నాడు కదా మేడం. అప్పుడు నాతో ఆ మేనేజరుకేం పని?"

"ఆడపిల్ల ఉత్తరాలు చదువుకోవడం వాడికి సరదా."

కీబోర్డు మీద కవరు కప్పింది. "ఆ 'తిన్నావా' అన్నది ఒక్కటి మాత్రం అమ్మదే అనుకుంటాను మేడం."

తిట్టడానికే నోరు తెరిచాను. "ముందు అన్నం తిను పద" అన్నాను.